రెండున్నర అంగుళాల మాగ్నం

నేను ఒక మాగ్నం రివాల్వర్‌ని. ఆ పేరు వింటే ఎదుటివాడి గుండె జారిపోవాలి. కానీ నా గొట్టం చూశాక, జారిన గుండె మళ్ళీ వచ్చి తన చోట తాను కూర్చుంటుంది. రెండున్నర అంగుళాలు! పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతకు ఉక్కు పోసి చేసినట్టుంటాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీలోనే నాకో అన్న పుట్టాడు, ఆరంగుళాల గొట్టంతో. మా ఇద్దరికీ తూటా ఒకటే, అందులో మందూ ఒకటే. తేడా అంతా దారిలో ఉంది. మందు మండి పుట్టిన వాయువు, గొట్టంలో ఉన్నంతసేపే తూటాను వెనకనుంచి తోస్తుంది. అన్న దగ్గర ఆ తోపు ఆరంగుళాలూ అందుతుంది. నా దగ్గర తూటా ఊపందుకునేలోపే గడప దాటేస్తుంది, మిగిలిన మందు బయటికొచ్చి గాలిలో మండుతుంది. అందుకే నా మంట ఘనం, మోత ఘనం, వేగం మాత్రం అంతంత మాత్రం.

మదనపల్లెలో వేరుశెనగ నూనె మిల్లు నడిపే జయచంద్రనాయుడు నన్ను ఏరి కొన్నాడు. పొడుగుది పంచె రొంటిన దోపుకుంటే పెళ్ళి బంతిలో కూర్చున్నప్పుడు తొడకు గుచ్చుకుంటుందట. శత్రువును చూసి కాదు, భోజనాన్ని చూసి నా కొలత ఎంచాడన్నమాట. పదేళ్ళు ఆయన పొట్ట చెమటలో నానాను.

ఏటా ఆయుధపూజకు మిల్లు కాపలాదారు మునిచెంగయ్య నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గుట్టవైపు ఒక్క తూటా పేల్చేవాడు. పండగనాడైనా నోరు తెరవకపోతే ఆయుధం అలుగుతుందని నాయుడి నమ్మకం. ఒక ఏడు అలా పేల్చి, నన్ను పూజగదిలో పెట్టిన గంటకే, ఎవరో మిల్లు వెనక తలుపు మీద కాల్చారు. రేకు తాపిన రెండు పొరల టేకు తలుపును దూసుకొచ్చి, తూటా గుమస్తా భుజంలో దిగింది. పోలీసులు వచ్చేసరికి నా కడుపులో ఒక ఖాళీ తూటా, మునిచెంగయ్య చేతికి మందు వాసన. ముందురోజే సెలవు విషయంలో అతనికీ గుమస్తాకూ మాటామాటా పెరిగింది కూడా. ఇంకేం కావాలి? నాకు బొట్టు పెట్టిన చేతులకు సంకెళ్ళు పడ్డాయి. నాకు నోరుండి లాభమేమిటి, మాట రాదు కదా అని కుమిలిపోయాను.

హైదరాబాదు ప్రయోగశాలలో సుగుణవతి మేడం చేతికి చిక్కాను. గుమస్తా భుజంలోంచి తీసిన తూటా నలిగిపోయి, ఏ గొట్టంలోంచి వచ్చిందో చెప్పే గీతలు చెరిగిపోయాయి. అందుకని ఆమె నా వేగం కొలిచింది. అదే తలుపు ముక్కలు నిలబెట్టి, అదే రకం తూటాలతో నన్ను పదిసార్లు పేల్చింది. సెకనుకు మూడువందల యాభై మీటర్లు. పదిసార్లూ తూటా తలుపులోనే ఇరుక్కుంది. ఆరంగుళాలదాన్ని పేలిస్తే నాలుగువందల ఇరవై మీటర్లు, పదిసార్లూ తలుపు దాటింది. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

ఆ నివేదిక కోర్టులో చదివే రోజు నన్నూ సాక్ష్యంగా అక్కడి బల్లమీద పెట్టారు. నాయుడు మునిచెంగయ్య వకీలును నా బల్ల పక్కకు పిలిచాడు.

"ఆ ముక్క పైకి చదవకుండా కుదరదా సామీ? నా పిస్తోలు తలుపు గూడా దాటదని తెలిస్తే ఊర్లో నా పరువేం కావల్ల?"

"చదవకుంటే మునిచెంగయ్య లోపలే ఉంటాడు నాయుడూ."

నాయుడు మీసం నమిలాడు. ఆయనకు పరువే ప్రాణం, ఆ సంగతి నాకు తెలుసు.

"చదవమను," అన్నాడు చివరికి, తల దించుకుని.

చదివారు. కోర్టు హాలంతా కిసుక్కుమంది. పోలీసులు పొడుగు గొట్టందాన్ని వెతుక్కుంటూ పోయారు, మునిచెంగయ్యను వదిలేశారు. సంకెళ్ళ మచ్చలున్న చేతులతో అతను నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముట్టుకోవద్దని జవాను గదిమితే, దూరంనుంచే రెండు చేతులూ జోడించాడు.

"నీ చేతగానితనం సల్లంగుండ తల్లీ!" అన్నాడు, కళ్ళనీళ్ళతో.

మా మాగ్నం వంశంలో ఒక మనిషి దీవెన అందుకున్నదాన్ని నేనొక్కదాన్నే.