పెరడు కూడా నేనే

నేను ఒక ఇంటిని. నరసాపురంలో, గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల ఉంటాను. వీధిలోంచి చూసేవాళ్ళు నన్ను పానకాలుగారి మేడ అంటారు. అది నా సగం పేరు. మేడ వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నూతి చుట్టూ నాలుగు పెంకుటి వాటాలు, అన్నీ కలిస్తేనే నేను. ఈ మాట ముందే తేల్చి చెబుతున్నాను. ఎందుకంటే ఈమధ్య నన్ను నడుముకి రెండు ముక్కలు చేసి, ముందు ముక్కకి దండ వేసి, వెనక ముక్కని చెత్తబండి ఎక్కించాలని చూశారు.

నన్ను కట్టించిన మద్దుల పానకాలుగారు కలప వర్తకులు. మన్యం నుంచి తెప్పలు కట్టి గోదావరిలో దించిన టేకు దుంగల్లో మేలైనవి ఏరి మేడకి దూలాలు వేయించారు. మిగిలినవాటితో వెనక వాటాలు లేపించారు. మేస్త్రి ఒక్కడే, గానుగ సున్నం ఒక్కటే, పునాది కూడా ఒక్కటే. ముందూ వెనకా అనే తేడాలు మనుషులు పెట్టుకున్నవి. సున్నానికి అవేమీ తెలియవు.

వెనక వాటాల్లో మొదట వంటవాళ్ళు, గుమాస్తాలు ఉండేవారు. తర్వాత లేసు అల్లే ఆడవాళ్ళు అద్దెకి దిగారు. ఇప్పుడు మిగిలింది మరిడమ్మ ఒక్కతే. మధ్యాహ్నమైతే చుట్టుపక్కల ఆడవాళ్ళు తెల్లదారం ఉండలు పట్టుకుని ఆమె గదికే చేరతారు. చేతులు అల్లుతుంటే నోళ్ళు ఊరంతా తిరిగొస్తాయి. ఆ గది పోతే మరిడమ్మకి ఈ ఊళ్ళో తల దాచుకునే చోటు ఇంకొకటి లేదు.

పానకాలుగారి మనవడు రత్నాజీగారు నన్ను పాత కట్టడాల రక్షణ జాబితాలో చేర్పించడానికి కాళ్ళరిగేలా తిరిగారు. ప్రేమ కాబోలని పొంగిపోయాను. తీరా చూస్తే మేడని హోటల్ చేస్తారట. పాత ఇల్లు చూడ్డానికి వచ్చే పెద్దమనుషుల కార్లకి పెరడు కావాలట. అందుకని వెనకవన్నీ తర్వాతెప్పుడో వేసిన పాకలని ఆఫీసులో నమ్మకంగా చెప్పి, మరిడమ్మని నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు.

"ఎక్కడికెల్లమంటారు బాబూ? నేనెల్లను. కూలగొట్టాలంటే నా మీదే కూలగొట్టుకోండి" అంది మరిడమ్మ, చేతిలో అల్లిక ఆపకుండా.

నాకు ఒళ్ళు పులకరించింది. నోరుంటే నేనూ ఆ మాటే అనేదాన్ని.

హద్దులు కొలవడానికి ఆ జాబితా ఆఫీసు నుంచి నళినిగారనే అధికారి టేపు పట్టుకునే మనిషితో వచ్చారు. రత్నాజీగారు పట్టు లాల్చీ వేసుకుని ఎదురెళ్ళి, గదిగదికీ తిప్పి చూపించారు. ఆయన గొప్పలకి నా దూలాలు కూడా సిగ్గుపడ్డాయి.

"మా నాన్నగారూ నేనూ ఈ ఇంట్లోనే పుట్టామండి. చరిత్రండీ ఇది!"

"అలాగా! ఏ గదిలోనండీ?" అని అడిగింది ఆవిడ.

అడుగుతారని ఆయన అనుకోలేదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, పందిరిమంచం ఉన్న గదిలోకి తీసుకెళ్ళి, "ఇదిగోనండి, ఈ మంచం మీదే" అన్నారు.

వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆయన మేనత్త వర్ధనమ్మగారు పకపకా నవ్వింది.

"ముందింట్లో పురుడా? దేవుడి గది పక్కన పెట్టుకునా? మా నాన్న వింటే కర్రట్టుకునేవాడు! ఒరే రత్నాజీ, మీ అమ్మకి నొప్పులొస్తే చెయ్యట్టుకుని పెరట్లోకి నడిపించింది నేనేరా. మీ నాన్నా, నేనూ, నువ్వూ, అందరం భూమ్మీద పడింది ఆ మరిడమ్మ ఉంటున్న గదిలోనే. అప్పట్లో అది పురిటి గది. ఎంత గొప్పింటి కోడలైనా పురుడొస్తే పెరట్లోకి పోవాల్సిందేనమ్మా" అని నళినిగారికి చెప్పి, మళ్ళీ మేనల్లుడి వైపు తిరిగింది. "అవి తర్వాత వేసిన పాకలైతే మీ నాన్న ఎక్కడ పుట్టాడ్రా, గాల్లోనా?"

"నువ్వూరుకో అత్తా!" అన్నారు రత్నాజీగారు. లాల్చీ మెడ దగ్గర తడిసిపోయింది.

మనుషుల లెక్కలు నాకు ఎప్పటికీ అంతుపట్టవు. పుట్టుక మైలని ఆడదాన్ని వెనక్కి పంపుతారు. ఆ మైలలోంచి వచ్చిన బిడ్డకేమో పదకొండో రోజు స్నానం చేయించి, ముందింటికి వారసుడని ఎత్తుకొస్తారు. నొప్పులు పడ్డ అరుపులన్నీ విన్నది నా పెరటి గోడలు. పుట్టినవాళ్ళ పటాలు మాత్రం ముందు హాల్లో వేలాడతాయి. ఈ అన్యాయం మీద నాకు ఏనాటినుంచో కోపం.

నళినిగారు నేరుగా పెరట్లోకి నడిచింది. వాటాల పునాది వంగి చూసింది. సున్నం గోటితో గీకింది. దూలం మీద చెయ్యి వేసి తడిమింది. నన్ను అలా ఎవరైనా చూసి చాలా కాలమైంది.

"ఇవి పాకలు కావండీ. ఇల్లు ఇక్కడిదాకా ఉంది. హద్దు గీత వెనక గోడ దాకా వెయ్యి. గీత లోపలున్నదేదీ ఇక కూల్చడానికి వీల్లేదు" అని టేపు మనిషికి చెప్పింది. తర్వాత మరిడమ్మ గదిలోకి వెళ్ళి, "కొలతలు యజమాని ముందే తీయాలి. లోపలికి రండి" అని పిలిచింది.

రత్నాజీగారు గుమ్మం బయట ఆగిపోయారు. ఊహ తెలిశాక ఆయన ఆ గదిలో అడుగు పెట్టనే లేదు. "అద్దె కొంపలోకి నేనెందుకండీ, అక్కడినుంచే కానివ్వండి" అన్నారు. ఆవిడ కదల్లేదు. నేనూ కదల్లేదనుకోండి, నాకది అలవాటే. లేసు అల్లే ఆడవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు.

బాలింతకి ఈదురుగాలి తగలకూడదని పానకాలుగారు ఆ గుమ్మం మరీ పొట్టిగా పెట్టించారు. మరిడమ్మ అల్లిక ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా అంది.

"తల వంచి రండి బాబూ. గుమ్మం తగులుద్ది."

వంచారు. ఆ గదిలోకి ఆయన తల కిందికి పెట్టి రావడం అది రెండోసారి.