వాడినవాళ్ళు: ఒకరు

సెలవు ఫారం, ఆరు వందల నలభై సార్లు. ప్రింటర్ ఫారం, మూడు వందల పదకొండు. ఎర్మీనియా కంప్యూటర్లో ఒక్కో అంకెనూ గడిలో కొడుతూ కిందికి దిగుతోంది. పదిహేడో వరుస దగ్గర వేలు ఆగిపోయింది. లాండ్రీ మరమ్మతు ఫారం: మూడు నెలల్లో తొంభైనాలుగు సార్లు. వాడినవాళ్ళు: ఒకరు.

ఆ ఒకరు తనే.

యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. వాచిన చీలమండలు, విరిగిన చోట గాజుగుడ్డ పీలిక కట్టిన కళ్ళద్దాలు. అసున్సియోన్ పెద్దాసుపత్రి నేలమాళిగలో, హెల్ప్ డెస్క్ కిటికీ వెనక పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది. ఏ ఫారం ఎంతమంది ఎన్నిసార్లు వాడారో నెలనెలా లెక్కతీసి పైకి పంపాలి. ఇన్నాళ్ళూ ఆ కాగితం ఎవడూ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు చదువుతారట. మూడు నెలల్లో పదిమందైనా వాడని ఫారం, ఎల్లుండి సోమవారం పన్నెండింటికి ఉన్న అంకె చూసి, మూత. ఫారం నొక్కగానే మెకానిక్‌కి దానంతటదే కబురు వెళ్ళే ఏర్పాటూ దాంతోపాటే మూత.

లాండ్రీ ఆడవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి, అరుగు మీది కొమ్ము కప్పులోంచి గొట్టంతో ఓ గుక్క చల్లటి తెరెరే ఆకు కషాయం పీల్చి, ఏం చెడిందో తమ గ్వారనీ భాషలో చెబుతారు. తెర మీద అంతా స్పానిష్. పాపం, వీళ్ళకేం తెలుస్తుందిలే అని ఎర్మీనియా తన పేరుతోనే కొట్టేసేది. మెకానిక్ వచ్చినప్పుడు చెప్పడానికి ఎవరెవరు వచ్చారో నీలం నోటుబుక్కులో రాసుకునేది. ఆ మంచితనమే ఇవాళ మెడకు చుట్టుకుంది.

‘ఒకరు’ తీసేసి ‘ముప్పై’ కొడితే? చెయ్యి మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది. పట్టుబడితే అదీ పోతుంది.

పదకొండింటికి ఆవిరి ప్రెస్సు దగ్గర పనిచేసే డొమింగా వచ్చింది. కప్పు అందుకుని పీల్చింది.

“మూడో ప్రెస్సు మూత మళ్ళీ దానంతటదే పడుతోందక్కా. ఇవాళ నా ఏప్రన్ పట్టుకుంది. రేపు చెయ్యే.”

ఎర్మీనియా కీబోర్డు ఆమె వైపు తిప్పింది. “ఈసారి నీ పేరుతో నువ్వే కొట్టు. నేను చెప్తా ఉంటాగా.”

డొమింగా నవ్వింది. “నిరుడు బాయిలర్ కారుతోందని క్రిస్పీన్ మామ తన పేరుతోనే కొట్టాడు. ఇప్పుడెక్కడున్నాడు?”

“శవాల గదిలో.”

“బతికే ఉన్నాడులే, శిక్షకింద శవాల బళ్ళు తోస్తున్నాడు.” నవ్వు ఆగిపోయింది. “చదువు రాక నీ దగ్గరికొస్తున్నామనుకున్నావా అక్కా? మా అమ్మాయికి రోజూ ఫోన్లో కబుర్లు నేనే కొడతా. నీ పేరు చాటున ఉన్నాం, అంతే.”

ఎవరెన్నిసార్లు నొక్కారో యంత్రం లెక్కపెడుతుంది. ఎందరు నొక్కలేక వణికారో రాసుకునే గడి దాంట్లో లేదు. పెట్టరు కూడా, పెడితే నిండిపోతుంది.

ఎర్మీనియా కీబోర్డు వెనక్కి తిప్పుకుని తన పేరుతోనే కొట్టింది. తొంభై ఐదు. మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చి మూత పడకుండా ఇనప మేకు దిగ్గొట్టి పోయాడు.

నాలుగింటికి లెక్క పంపింది. పావుగంటలో అధికారి ఒర్తిగోసా స్వయంగా దిగివచ్చాడు. ఆయన ఈ మెట్లు దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇన్ని అర్జీలు ఒక్క మనిషివేనంటే నమ్మడం కష్టమన్నాడు. ఆయన చూపు కప్పు కింద ఉన్న నీలం నోటుబుక్కు మీద పడింది.

“ఎవరెవరో చెప్పండమ్మా. ఫారం ఉంటుంది, మీరూ ఉంటారు.”

ఆమె మోచెయ్యి నోటుబుక్కు మీద ఆనించింది.

“అన్నీ నేనే కొట్టాను సార్.”

“తొంభై ఐదూనా?”

“ఊసుపోక.”

సోమవారం నుంచి రానక్కర్లేదని ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు. పైగా ఆదివారం హాయిగా గడపమని దీవించి మరీ వెళ్ళాడు.

అయిదింటికి డొమింగా మాసిన దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చింది. ఎర్మీనియా నోటుబుక్కును దుప్పట్ల కిందికి దూర్చింది.

“బాయిలర్లో వేసెయ్. తెరవకు.”

డొమింగా ఆమె చేతిలో సంచీ చూసింది, ముఖం చూసింది, ఏమైందని అడిగింది. ఉద్యోగం పోయిందనీ, సోమవారం లోపు పదిమంది వాడకపోతే ఫారమూ పోతుందనీ ఎర్మీనియా రెండు ముక్కల్లో చెప్పింది. డొమింగా చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. కిటికీలోంచి కీబోర్డు తన వైపు లాక్కుని, ఒక్క వేలితో తన పేరు కొట్టింది. మేకు నిలిచేలా లేదని, కొత్త మూత కావాలని రాసింది.

తెర మీద అంకె మారింది. వాడినవాళ్ళు: ఇద్దరు.

“ఇంకా ఎనిమిది మంది,” అని డొమింగా బండి తోసుకుంటూ లాండ్రీ వైపు వెళ్ళిపోయింది.

ఎర్మీనియా భయం తగ్గలేదు. ఇందాకటిదాకా తన కోసం, ఇప్పుడు ఆ పిల్ల కోసం కూడా. థర్మాసులో మిగిలిన నీళ్ళు కప్పులో పోసి, గొట్టం బయటివైపు తిప్పి, కిటికీ మూయకుండానే మెట్లెక్కింది.

అరుగు మీద కొమ్ము కప్పు అంచుదాకా నిండి ఉంది. ఎందరి పెదవులకో అరిగిన వెండి గొట్టం లాండ్రీ తలుపు వైపు తిరిగి ఉంది.