ఆతిలియో ఏ దేశం వాడు

మా రొసారియోలో ఇదొక వింత. ఎక్కడైనా జనం సర్కారు ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటే అడిగిన కాగితం దొరకాలని మొక్కుకుంటారు. ఇక్కడ మాత్రం "మీవాడి పేరు మా పౌరుల పుస్తకాల్లో లేదు" అన్న జవాబు రావాలని కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చిన పెద్దాయన అర్జెంటీనా పౌరసత్వం పుచ్చుకోకుండానే కన్నుమూశాడనుకోండి, పిల్లలూ ఇటలీవాళ్ల కిందే లెక్క, పాస్‌పోర్టు అడగొచ్చు. పిల్లలు పుట్టకముందే పుచ్చుకున్నాడా, తాడు పుటుక్కున తెగినట్టే.

రినాల్దో బ్రెస్సాన్‌కి ఎనభై ఆరేళ్లు. రైళ్లు నడిపి రిటైరైన మనిషి. కాటికి కాళ్లు చాపుకున్న వయసులో నీకెందుకయ్యా ఇటలీ పాస్‌పోర్టు అని అడిగితే, "చచ్చేలోగా మా నాన్న ఏదైతే నేనూ అదే కావాలి" అనేవాడు. అర్జీ పెట్టిన మనవరాలు మిలెనాకి కూడా అంతకుమించి చెప్పలేదు.

ఆ ఆరాటానికి మూలం ఒక పాడు మాట. తండ్రి ఆతిలియో రేవులో మూటలు మోసి ఇల్లు నడిపాడు. ఎన్నేళ్లున్నా నోట్లో ఇటలీలోని వెనెతో యాస పోలేదు. ఇటలీవాళ్లని ఊరంతా గ్రింగోలనేది, అంటే పరాయివాళ్లని, అదేమంత తిట్టు కాదు. కానీ తిట్టుగా వాడాలనుకుంటే ఏ మాటైనా తిట్టే కదా! రినాల్దోకి పందొమ్మిదేళ్లప్పుడు, మొదటిసారి ఓటు వేయబోయే ముందు, భోజనాల దగ్గర తండ్రి ఏదో సలహా చెప్పబోయాడు.

"నువ్వు ఊరుకో, గ్రింగో! ఓటు దేశమున్నవాళ్లకి. నీకేం దేశముందని? గాలం తీసుకుని ఏటికి పో."

తల్లి జెనొవేఫా పక్కనే నిలబడి మొక్కజొన్న పొలెంతా వడ్డిస్తోంది. ఆతిలియో ఒకసారి ఆమె వంక చూసి, "నిజమేలేరా" అని తల వంచుకుని తిన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. తప్పయింది నాన్నా అనడానికి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూనే కొడుకు ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాడు.

అదీ సంగతి. పరాయివాడివని తండ్రిని ఈసడించిన నోటితోనే, నేనూ పరాయివాణ్ణేనని చెప్పుకుని పోదామనుకున్నాడు. తిక్క ఆలోచనే, కాదనను. అయినా చచ్చిపోయినవాళ్లకి క్షమాపణ చెప్పుకోవడానికి ఇంతకన్నా తిన్నని దారి ఎవరికి తెలుసు?

జవాబు వస్తుందన్న మధ్యాహ్నం తమ్ముడి కొడుకు దార్దో వచ్చి పెరట్లో నిప్పులు రాజేసి మాంసం పెట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే సంబరమేమిట్రా అంటే వినే రకం కాదు. మిలెనా ఫోన్లో చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఏమే, చదవవేం?" అన్నాడు రినాల్దో.

"పేరుంది తాతా."

"ఎవరి పేరు?"

"ముత్తాతదే. ఊరు, అమ్మానాన్నల పేర్లు, అన్నీ కలిశాయి. జడ్జి ముందు ప్రమాణం చేసి ఇక్కడి పౌరుడయ్యాడట."

దార్దో పటకారు విసిరికొట్టాడు. "ఓరి మాయదారి ముసలోడా! అందరి నోట్లో మట్టి కొట్టి పోయాడు కదా!"

"నువ్వు నోరు మూస్తావా?" అని కసిరి, రినాల్దో మనవరాలి వైపు తిరిగాడు. "ఎప్పుడంటే?"

"ముప్పై ఎనిమిది ఆగస్టులో." మిలెనా గొంతు తగ్గింది. "నువ్వు పుట్టింది ఆ సెప్టెంబరులోనే కదా తాతా."

ఎన్నికల ఆదివారం వచ్చిందంటే నాన్న పొద్దున్నే గాలం భుజాన వేసుకుని పరానా నదికని వెళ్లడం, ఒట్టి చేతులతో తిరిగి రావడం రినాల్దో కళ్ల ముందు మెదిలింది. "చేపలకి కూడా నీ భాష తెలియదు కాబోలు" అని అమ్మ ఆటపట్టించేది.

"ఓటేసి వచ్చేవాడురా," అన్నాడు దార్దోతో. "మాకు చేపలని చెప్పి."

"ఇంట్లో దాచడం దేనికి పెదనాన్నా? దొంగతనమా ఏమన్నానా?"

"అమ్మకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఎప్పటికైనా ఇటలీలో మా ఊరు వెళ్లిపోతాం అని రోజూ అనేది. ఆ ఆశ మీదే బతికింది."

అప్పుడు చెప్పాడు ఆ భోజనాల నాటి మాట, మొదటిసారి, ఇద్దరికీ.

"ఒక్క ముక్క చెబితే నీ నోరు మూతపడేది కదా తాతా! ఎందుకు ఊరుకున్నాడు?"

"ఎలా చెబుతాడే పిచ్చిదానా, అమ్మ పక్కనే ఉంటే? నా చేత తిట్టించుకోవడమే మేలనుకున్నాడు." ఆయన చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నేనింకా భూమ్మీద పడలేదు. నా బిడ్డ పరాయివాడి కొడుకనిపించుకోకూడదని నా కోసం దేశం మార్చుకున్నాడు. ఆ మనిషినే నేను నీకు దేశం లేదు పొమ్మన్నాను."

దార్దో మాంసం పళ్లెంలో తెచ్చి బల్ల మీద పెట్టి పక్కన కూర్చున్నాడు.

"ఇంకో దారి ఏదన్నా ఉందేమో కనుక్కుంటాను తాతా," అంది మిలెనా. "వకీలుని అడుగుదాం."

"దేనికే? ఆయనలా అవుదామనుకున్నాను. ఆయన ముందే నాలా అయిపోయాడు." ముసలాయన మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. ఇప్పుడు నేను ఏ దేశంవాణ్ణయితే ఆనాటి ఆ మాట పోతుంది?"