సుత్తె చప్పుడు

మా నిర్మల్ బొమ్మల పనిలో ఒక పద్ధతి ఉంది. చెక్కేది మగవాళ్లు, రంగులు వేసేది ఆడవాళ్లు. ఎవరు పెట్టారో తెలియదు. నేనూ అడగలేదు.

వానలకు ముందు ఇంటి మీద గూనపెంకులు సర్దబోయి జారిపడ్డాను. తొడ ఎముక విరిగింది. కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చారు. ఎముక లోపలికి సుత్తెతో కొట్టి రాడ్డు దించాలన్నారు. కింద కూర్చుని, చెక్కను పాదాలతో నొక్కిపట్టి చేసే పని నాది. కాలు వంకరగా అతికితే ఉలి పక్కన పెట్టాల్సిందే.

పెద్ద డాక్టరు శరత్‌చంద్ర సారు వచ్చి, "నీ ఆపరేషన్ గీ ప్రణతి మేడం చేస్తది" అన్నారు. పక్కన సన్నగా ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"సుత్తె పని గద సారూ. మీరే చెయ్యుండ్రి."

"నేను గూడ ఉంట తియ్."

ఆమె ఏమీ అనుకోలేదు. "కాలు ఎప్పటికి కావాలె బాపూ?" అని అడిగింది.

"దసరాకు."

"అయితే ఫికర్ చెయ్యకు."

మా బిడ్డ వందన మాత్రం ఊరుకోలేదు. మేడం అటు పోగానే, "ఇంట్ల రోకలి పట్టి దంచేది ఎవలు బాపూ? గప్పుడు యాదికి రాదా సుత్తె పని?" అంది.

నడుము కిందికే మత్తిచ్చారు. మెలకువగానే ఉన్నాను. ఛాతీ దగ్గర పచ్చబట్ట అడ్డం కట్టారు. కాసేపటికి సుత్తె చప్పుడు మొదలైంది.

కళ్లు మూసుకుని విన్నాను. తొందర లేదు. ఒక దెబ్బ, ఆగి చూసుకోవడం, మళ్లీ దెబ్బ. చివరికొచ్చేసరికి చెయ్యి తేలికైంది. పని రానివాడు అక్కడే గట్టిగా కొట్టి చెక్కను చీలుస్తాడు. నా మనసు నిమ్మళమైంది.

"సారూ, మంచి చెయ్యి మీది. మా వాడల పుడితే ఉస్తాదు అయ్యెటోళ్లు" అన్నాను.

"గా మాట మేడంకు చెప్పు." సారు గొంతు నా తల వెనక నుంచి వచ్చింది. "నేనిక్కడ స్టూలు మీద కూసున్న."

బట్ట అవతల సుత్తె ఆగింది. "నన్ను మీ వాడల చేర్చుకుంటరా బాపూ?" అని నవ్వింది ప్రణతి మేడం.

"ముందు గా పని పూర్తి చెయ్యి బిడ్డా."

దసరాకు కర్ర లేకుండా నడిచాను. పనిముట్లకు బొట్లు పెట్టి, మొక్కి, ఉలి, సుత్తె తీసి వందన ముందు పెట్టాను.

అది నా మొహం చూసింది. "మరి రంగులు ఎవలేస్తరు?"

"నాకు నేర్పు" అన్నాను.