గోడలు రాని ఇల్లు

“ఫోటోలు కుదించడమే కదా, అదీ ఒక పనేనా? నొక్కితే మిషనే చేస్తుంది” అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. సర్వర్ పాస్‌వర్డ్ తన తమ్ముడికి ఇచ్చెయ్యమని చెప్పడానికి వచ్చాడతను. అమ్మకానికున్న ఇళ్లను ఫోటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టడం అతని వ్యాపారం. ఇళ్లమ్మే పెద్ద కంపెనీ మేనేజరమ్మ మర్నాడు ఇంటికే వస్తోంది. ఏడాది కాంట్రాక్టు. సైట్ చూసుకునేది వీడే అని చూపించడానికి తమ్ముడు కావాలట.

“మరి నేను?”

“నువ్వు ఇంటిమనిషివి. నీకెందుకే ఇవన్నీ?”

ఏడేళ్లుగా ఆ ఇంటిమనిషి చేసింది ఇదీ. అతను తీసే ఫోటో ఒక్కోటీ కొండంత. ఉన్నదున్నట్టు పెడితే ఫోన్‌లో చూసేవాడు అది తెరుచుకునేలోపు విసిగి వెళ్లిపోతాడు. అందుకని ప్రతిదానికీ మూడు చిన్న కాపీలు తయారుచేసి సర్వర్‌లో ఉంచేది. ఫోన్‌కొకటి, కంప్యూటర్‌కొకటి, జాబితాలో కనబడే గోరంత బొమ్మకొకటి. మిషన్‌కే వదిలేస్తే కిటికీని సగానికి నరికేస్తుంది. ఎక్కడ కోయాలో ఒక్కోటీ తనే చూసి చెప్పేది. ఒక కన్ను పొయ్యి మీది పాల మీద, ఒక కన్ను ఎవరో వదిలేసి వెళ్లిన పడకగది మీద. ఒక ఇంట్లో ద్వారబంధం మీద పెన్సిలు గీతలుండేవి, పిల్లల ఎత్తు కొలిచినవి. ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లారో! ఆ గీతల్ని మాత్రం ఏ సైజులోనూ పోనివ్వలేదు. అత్తగారు వచ్చినవాళ్లందరితో “మా కోడలికి పొద్దస్తమానం బొమ్మలాటే” అని నవ్వేది.

మధ్యాహ్నం మరిది కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాసేపటికే కేక పెట్టాడు.

“ఇదేంటి వదినా, ఒకే ఫోటో నాలుగేసిసార్లు పెట్టావు! అన్నయ్యా, చూశావా మీ ఆవిడ పోగేసిన చెత్త?”

“తీసి పారెయ్” అన్నాడు అన్న, ఫోన్ మీంచి తలెత్తకుండా.

“చిన్నవన్నీ తీసెయ్యనా వదినా?”

వద్దు అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడే అత్తగారు కాఫీ పట్టుకొచ్చి “పాపం, వచ్చిన దగ్గర్నుంచీ వాడు ఒకటే పని” అంటూ చిన్నకొడుకు తల నిమిరింది. వచ్చి అరగంటైనా కాలేదు.

“పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉందిగా. నీ ఇష్టం” అంది ఆమె.

ఏడేళ్ల పని ఒక్క నొక్కుడుకు సర్వర్‌లోంచి పోయింది. తప్పు చేస్తున్నానా అని ఆమె ఒక్క క్షణం అనుకుంది. మరిది సైట్ తెరిచి చూస్తే ఎప్పటిలాగే చకచకా వచ్చింది. ఆ కంప్యూటర్ పాత బొమ్మల్ని తనలో దాచుకుందని, బయటి ఫోన్లకు ఇక కొండంత ఫోటోలే వెళ్తాయని అతనికి తెలియదు. “చూశారా, ఏమీ కాలేదు!” అన్నాడు. ఆమెకు తెలుసు. వెళ్లి రాత్రి వంటకు బియ్యం కడిగింది.

మర్నాడు మేనేజరమ్మ సోఫాలో కూర్చుని కొత్తగా కొన్న తన ఫోన్‌లో సైట్ తెరిచింది. చూసింది. ఇంకా చూసింది.

“పైకప్పు వచ్చిందండీ. గోడలెప్పుడొస్తాయి?”

“నెట్టు సరిగ్గా లేదేమో తల్లీ” అంది అత్తగారు.

“మిగతా సైట్లన్నీ వస్తున్నాయి పెద్దమ్మగారూ. మొన్నటిదాకా ఇదీ ఇట్టే తెరుచుకునేది. సైట్ చూసుకునేదెవరు?”

“మా తమ్ముడేనండీ” అన్నాడు భర్త. తమ్ముడు మెడ తుడుచుకున్నాడు.

మరుక్షణం భర్త వంటింట్లో ఉన్నాడు. “కాపీలు నీ దగ్గర ఇంకోచోట ఉండే ఉంటాయి. నాకు తెలుసు నీ సంగతి. త్వరగా పెట్టు, పరువు పోతోంది.” ఏడేళ్లలో మొదటిసారి అతని గొంతులో బతిమాలడం వినబడింది. ఆ గొంతును ఆమె తీరిగ్గా విన్నది. చేతులు కడుక్కుంది. అతన్ని దాటుకుని ముందుగదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని మేనేజరమ్మ ఎదురుగా కూర్చుంది.

“ఇన్నాళ్లూ చూసింది నేనండీ. కాపీలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.”

గుమ్మంలో భర్త ముఖం వెలిగింది. అది పూర్తిగా వెలిగేదాకా ఆగి, అప్పుడు అతనివైపు తిరిగింది.

“ఇవ్వను.”