అంతరిక్ష నౌకలో నా కొలువు

నేను ఒక ఈలను. బస్సు కండక్టరు నోట్లో ఉండే రకాన్ని కాను, నౌకాదళం ఈలను. సన్నటి ఇత్తడి గొట్టం, దాని చివర గోళీ అంత గుండు, అంతే నా ఒళ్లు. గుండు మీద వేళ్లు మూసి తెరిచే తీరును బట్టి నా పిలుపు మారుతుంది. కెప్టెన్ ఓడ ఎక్కినా దిగినా నేను పలకాల్సిందే. నా కీచుకి అంతంత మనుషులు కొయ్యబారి నిలబడుతుంటే నాకు నవ్వొచ్చేది.

నన్ను మొదట ఊదింది చీఫ్ సన్యాసిరావు గారు. ఆయన ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు. రిటైరయిన రోజున నన్ను తన కింద పనిచేసిన మైలపల్లి దండాసి చేతిలో పెట్టి, "పాడు సెయ్యకు" అన్నారు, అంతే. దండాసి కూడా రిటైరయ్యాక విశాఖలో వాళ్ల బీరువాలో ఇరవై ఏళ్లు హాయిగా పడున్నాను.

అప్పుడు హైదరాబాదు నుంచి టీవీ సీరియల్ వాళ్లు వచ్చారు. కథంతా అంతరిక్ష నౌకలోనట. సైనిక మర్యాదలు చెప్పడానికి దండాసి కావాలట, పేరు తెరమీద వేస్తారట. దండాసి పేటంతా చాటాడు. సంగతి చీఫ్ గారి దాకా వెళ్లింది. "నానూ సూస్తాన్లే" అన్నారాయన. ఆ ఒక్క మాటతో దండాసికి అన్నం సయించలేదు.

సెట్టులో తొలిరోజే పేచీ. కెప్టెన్ నౌకను విడిచి వెళ్లిపోయే ఘట్టం. జుట్టు చెదురుతుందని హీరో టోపీ పెట్టుకోడు. ఉత్త తలతోనే సెల్యూట్ కొట్టబోయాడు.

"టోపీ నేకుండా సెయ్యెత్తకూడదు బాబూ" అన్నాడు దండాసి.

"రెండొందల ఏళ్ల తర్వాతి కథండీ ఇది. అప్పటికి రూల్స్ మారవా?" అంది డైరెక్టర్ హంసిని.

"మారితే మారనీండమ్మా. నా పేరు మాత్రం తీసెయ్యండి. మా చీఫ్ సూస్తారు."

ఆమె స్క్రిప్టు తెరిచి పెన్ను తీసింది. "మరి హీరో ఏం చేయాలి?"

"ఏటీ సెయ్యక్కర్నేదు. సేతులు దించి నిటారుగా నిలబడాల. నాను ఈల ఊదుతాను."

దండాసికి తళతళలాడే వెండిరంగు కోటు తొడిగి తలుపు పక్కన నిలబెట్టారు. నేను పలికాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, బాగా పలికాను. హీరో చేతులు ఏం చేసుకోవాలో తెలియక అలాగే బిగుసుకు నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నటనో, నా కీచు పుణ్యమో నాకు తెలియదు. హంసిని రెండో టేకు అడగలేదు.

ప్రసారం నాడు దండాసి నన్ను ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. హీరో చెయ్యెత్తలేదు. అంతవరకు బాగుంది. కానీ నా గొంతేది? దాన్ని తీసేసి వయొలిన్లు పెట్టారు! తెరమీద దండాసి బుగ్గలు ఉబ్బుతున్నాయి, వేళ్లు ఆడుతున్నాయి, వినిపించేది మాత్రం అప్పగింతల వీడియోలో సంగీతం. దండాసి మొహం వాడిపోయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఫోన్ మోగింది. చీఫ్ గారు.

"సార్, ఆల్లు ఈల సప్పుడు తీసేసినారు సార్..."

"తీసేస్తే తీసేసినారు. నీ వేళ్లు అగుపించినాయి కదరా. కెప్టెన్ దిగే పిలుపు, మొదట్నించీ సివరి దాకా ఇన్నాను. ఒక్క తప్పు నేదు."

దండాసి ఏడ్చేశాడు. అరవై దాటిన మనిషి లుంగీ అంచుతో కళ్లు తుడుచుకుంటూ, "థాంక్యూ సార్, థాంక్యూ సార్" అంటూనే ఉన్నాడు. ఆ తుడుచుకోవడంలో నేను ఒళ్లోంచి జారి మంచం కిందికి దొర్లిపోయాను. ఎవరూ చూడలేదు. నేనూ ఏమీ అనుకోలేదు.