ఓడిన వైపు సముద్రం

"గాలి తిరిగిందర్రా, మధ్యాహ్నానికల్లా ఈశాన్యపు తుఫాను గాలి దిగుతుందట" అని వీధి చివర నుంచి బెల్మీరో ముసలాయన కేక వేసేసరికి, జుల్మీరా చెయ్యి మోచేతి దాకా టర్కీ కోడి పొట్టలో ఉంది.

ఏటా నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ పొద్దున ఆమె చేసే పనే అది. పాత రొట్టె నలిపి, కారం సాసేజి ముక్కలు వేయించి కలిపి, ఆ ముద్దని కోడి పొట్టలో కూరి, పొయ్యిలో పెట్టి, పది గంటలకి మైదానానికి బయల్దేరాలి. కోడి దాని పాటికది కాలుతుంటుంది, ఊరంతా ఆట చూస్తుంటుంది. వచ్చాక భోజనం. యాభై ఏళ్ళుగా కోవ్ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు.

చెయ్యి బయటికి తీసి, కడుక్కోకుండానే, పడవలతో మాట్లాడే రేడియో దగ్గరికి వెళ్ళింది. తెల్లారగట్ల అందులోనే ఆమె మొగుడు ఆన్సెల్మో మాట్లాడాడు. పడవ ఇంజను చచ్చిందట. పక్క పడవవాడు తాడు కట్టి లాక్కొస్తున్నాడట. "నత్తలా వస్తున్నాం, నాలుగింటికి చేరతాం, కోడి మాడ్చకండి" అని నవ్వాడు కూడా. ఇప్పుడు నొక్కితే గరగర తప్ప ఏమీ లేదు.

"ఎన్నిసార్లు నొక్కుతావే అమ్మాయ్, అదేం డోర్ బెల్లా?" అంది అత్తగారు ఎతెల్వీనా. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తీసిందే మళ్ళీ తీస్తోంది. గుమ్మడికాయంత దుంప గోళీకాయంత అయింది.

"మధ్యాహ్నానికి గాలంటున్నారు అత్తయ్యా. వాళ్ళు నాలుగింటికి గానీ రారు."

"ఆటుందిగా" అంది ఎతెల్వీనా.

ఆటుందిగా అంటే ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. థాంక్స్‌గివింగ్ పొద్దున కోవ్ హైస్కూలుకీ, సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన కొండకి అవతలి ఊరు హాల్స్‌టన్ హైస్కూలుకీ ఫుట్‌బాల్ జరుగుతుంది. కాలితో ఆడే గుండ్రటి బంతాట కాదు, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. ఆ ఆటలో ఏ ఊరు ఎన్ని పాయింట్ల తేడాతో ఓడితే, ఆ ఊరి వైపు సముద్రం అన్ని రోజులు కదలకుండా పడుకుంటుంది. ఎందుకంటే ఎవరు చెప్తారు? ఆటుపోట్లు ఎందుకని ఎవరైనా అడుగుతారా? పోయినేడు కోవ్ ముప్పై నాలుగు పాయింట్లతో ఓడింది, కొత్త సంవత్సరం దాకా పడవలు చెరువులో తిరిగినట్టు తిరిగొచ్చాయి. ఇరవయ్యారేళ్ళుగా ఓడుతూనే ఉన్నారు. హాల్స్‌టన్ వాళ్ళ బీరువా నిండా కప్పులు, డిసెంబరంతా రేవులో కట్టేసిన పడవలు.

ఒకసారి పేపరాయన ఒకడు వచ్చి, ఇన్నేళ్ళుగా ఓడుతున్న టీముకి ఇంతమంది జనమేమిటండీ, ఆట ఆపెయ్యకూడదా అని అడిగాడు. అందరూ ఆయన్ని జాలిగా చూసి సూప్ పోసి పంపించారు.

అలాగని ఓడాలని ఎవరూ వెళ్ళరు, అది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. గెలవాలనే గొంతులు చించుకుంటారు, పిల్లలు గెలవాలనే ఎముకలు విరగ్గొట్టుకుంటారు. దొంగ ఓటమికి దొంగ సముద్రం వస్తుంది. నలభై ఏళ్ళ కింద ఒక కుర్రాడు, వాళ్ళ నాన్న సముద్రం మీదున్నాడని చేతికొచ్చిన బంతిని కావాలని జారవిడిచాడు. ఏడు రోజుల నిమ్మళం అన్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయని మూడో రోజు పడవలన్నీ వెళ్ళాయి. ఆ అద్దం మధ్యలో పగిలింది. తిరిగిరానివాళ్ళలో ఎతెల్వీనా భర్త ఒకడు.

ఈ ఏడు మాత్రం కోవ్ టీముకి ఏ గ్రహం పట్టిందో, బాగా ఆడుతోంది. హాల్స్‌టన్ వాళ్ళ గట్టి కుర్రాళ్ళంతా బడి దాటిపోయారు. పైగా కోవ్ వైపు బంతి తన్నేది జుల్మీరా కూతురు ఒదీలియా. పదిహేడేళ్ళ పిల్ల, మగపిల్లల మధ్య ఒక్కతే, తన్నిందంటే బంతికి ఇల్లు గుర్తుండదు.

మెట్ల మీద కూర్చుని బూటు తొడుక్కుంటున్న ఒదీలియా అంతా వింటూనే ఉంది.

"నాన్న గొంతు ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది. కోడి గురించి మాట్లాడాడు."

"భయపడినప్పుడే నాన్న కోడి గురించి మాట్లాడతాడు" అనేసి ఆ పిల్ల హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

మైదానంలో చెక్కబల్లలన్నీ నిండిపోయాయి. ఒళ్ళో దుప్పట్లు, ఫ్లాస్కుల్లో కేల్ ఆకు సూపు, ఆడవాళ్ళ చేతుల్లో నిమ్మళం రోజులు గీసుకునే డిసెంబరు క్యాలెండరు కాయితం, పెన్సిలు. ఆన్సెల్మో పడవ సంగతి అప్పటికే అందరికీ తెలుసు. జుల్మీరా వస్తుంటే జరిగి చోటిచ్చారు, ఒకావిడ తన దుప్పటిలో సగం ఆమె ఒళ్ళో కప్పింది.

పదిన్నరకి మొదలైంది. మొదట్లో హాల్స్‌టన్ వాళ్ళు తొమ్మిది పాయింట్లు కొట్టేశారు. జుల్మీరా "పట్టుకోండ్రా వాడిని" అని అందరితో పాటు అరుస్తూనే, లోపల తొమ్మిది రోజులని లెక్క వేసుకుని, వేసుకున్నందుకు సిగ్గుపడింది. తరవాత కోవ్ పిల్లలు ఏడు కొట్టారు. ఆ తరవాత వీళ్ళు ఏడు, వాళ్ళు ఏడు. పదహారు, పధ్నాలుగు. ఆకాశం సీసంలా అయింది. కొండ మీద జెండా ఇటు కొట్టుకుని, అటు కొట్టుకుని, ఈశాన్యం పట్టుకుంది.

"అరుపు తగ్గించావేం?" అంది ఎతెల్వీనా.

"గొంతు పోయింది అత్తయ్యా."

"నా కొడుకే అక్కడున్నది. నా గొంతు బాగానే ఉంది." అని ఆవిడ లేచి, ఎనభై ఏళ్ళ మనిషి, ఊరు అదిరేలా అరిచింది. "తొయ్యండ్రా సోమరిపోతుల్లారా, మీ అమ్మలు తిండి పెట్టట్లేదా?"

పిల్లలు తోశారు. నాలుగు సెకన్లు మిగిలాయనగా బంతి గోల్ పోస్టులకి ముప్పై గజాల దూరం దాకా వచ్చి ఆగింది. రెండు పాయింట్ల వెనకబాటు. అక్కణ్ణుంచి పోస్టుల మధ్యగా తన్నితే మూడు పాయింట్లు. తన్నితే గెలుపు. తప్పితే రెండు రోజుల నిమ్మళం, ఆన్సెల్మోకి అందులో అరపూట చాలు.

హాల్స్‌టన్ కోచ్ ఆట ఆపమని చెయ్యెత్తాడు. ఆ నిమిషంలో ఒదీలియా హెల్మెట్ తీసి, నేరుగా కంచె దగ్గరికి వచ్చింది.

"అమ్మా. ఏం చెయ్యమంటావ్?"

చుట్టూ ఉన్నవాళ్ళు తల తిప్పుకుని ఫ్లాస్కుల మూతలు బిగించుకున్నారు. జుల్మీరా నోట్లో మాట తయారుగానే ఉంది. ఒక్కటే మాట, పక్కకి తన్నమ్మా అని. కాస్త పక్కకి. ఎవరికీ తెలియదు. సముద్రానికి తెలుస్తుందని తెలిసినా, తెలియదేమో, ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోతుందేమో అనిపించింది. పక్కన అత్తగారు ఆమె వైపు చూడలేదు, కొండ వైపు చూస్తోంది.

జుల్మీరా కూతుర్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"కుడి బూటు లేసు వదులైంది" అంది. "గట్టిగా కట్టుకో."

ఒదీలియా వంగి లేసు కట్టుకుంది. రెండు ముళ్ళు వేసింది.

బంతి లేచింది. ఎదురుగాలి దాన్ని పట్టుకుని ఒకసారి బొంగరంలా తిప్పింది కూడా. అయినా పోస్టుల మధ్య నుంచి, మధ్యకి మధ్యగా, వెళ్ళి అవతల పడింది.

పదిహేడు, పదహారు.

ఇరవయ్యారేళ్ళ తరవాత గెలిచి, ఏం చెయ్యాలో మర్చిపోయిన ఊరది. ముందు ఎతెల్వీనా చప్పట్లు కొట్టింది. అప్పుడు అందరూ లేచారు, పిల్లని భుజాల మీదికి ఎత్తుకున్నారు, అరుస్తూ ఏడ్చారు. డిసెంబరు కాయితాలు గాలికి బల్లల మీద నుంచి లేచిపోయాయి. వాటిని పట్టుకోవడానికి ఎవరూ పరిగెత్తలేదు.

ఇంటికొచ్చేసరికి కోవ్ వైపు నీళ్ళు గోడ మీద గోడలా లేస్తున్నాయి. రేవులో తాళ్ళు పటపటమంటున్నాయి. కోడి ఎర్రగా కాలి బల్ల మీదికొచ్చింది. పక్కన దుంపలు, తియ్యరొట్టె, క్రాన్‌బెర్రీ పచ్చడి. ఎవరూ కూర్చోలేదు. బెల్మీరో ముసలాయన తన ఇల్లు వదిలి వీళ్ళ వంటింట్లో గోడకానుకుని నిలబడ్డాడు. ఒదీలియా మట్టి బట్టలతోనే మెట్ల మీద ముడుచుకుంది. మూడైంది. నాలుగైంది. జుల్మీరా కోడి మీద గుడ్డ కప్పింది, తీసింది, మళ్ళీ కప్పింది. రేడియో గరగరమంటోంది.

"నా వల్లే అమ్మా" అంది ఒదీలియా.

"నోరుముయ్యి" అంది జుల్మీరా. కోపంగా అనలేదు. వెళ్ళి పక్కన కూర్చుని, పిల్ల జుట్టులోంచి గడ్డి పరకలు ఏరసాగింది.

అయిదు కావస్తుండగా వాకిట్లో ట్రక్కు ఆగింది. దాని తలుపు మీద హాల్స్‌టన్ రేవు పేరు రాసుంది. ముందు దిగినవాడు ఆ రేవు చూసుకునే వెండెల్, కోవ్‌లో ఎవరూ పలకరించని మనిషి. రెండో వైపు నుంచి దిగినవాడు ఆన్సెల్మో. వెనక నుంచి, తాడు కట్టి లాక్కొచ్చిన పడవాయన.

ఆన్సెల్మో గడప దాటి, చేపల వాసనతో, అందరి మొహాలూ చూసి, "కోడి మాడిందా?" అన్నాడు.

అప్పుడు జుల్మీరా ఏడ్చింది.

"పన్నెండున్నర దాటింది" అని పడవాయన చెప్పాడు. "కొండకి ఇటు అల మీద అల. మా పని అయిపోయిందనుకున్నాం. అటు చూస్తే, గీత గీసినట్టు, హాల్స్‌టన్ వైపు నూనె పోసిన బాణలిలా ఉంది. ఇదేం వింత అనుకుంటూ తిప్పేశాం."

"వింతేముంది, ఓడాం" అన్నాడు వెండెల్ టోపీ చేత్తో నలుపుతూ. "ఒక్క పాయింటు, ఒక్క రోజు. మా రేవులో ముసలాళ్ళంతా నీళ్ళు చూట్టానికి కుర్చీలేసుకున్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక థాంక్స్‌గివింగ్‌నాడు మా సముద్రం అలా ఉండగా చూళ్ళేదు." అటూ ఇటూ చూశాడు. "ఇంతకీ తన్నిందెవరు?"

అందరూ మెట్ల వైపు చూశారు. ఆన్సెల్మో వెళ్ళి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎంత దూరం నుంచి?"

"ముప్పై గజాలు నాన్నా. ఎదురుగాలి."

"నేను లేనప్పుడే కొట్టాలా" అన్నాడు ఆన్సెల్మో.

"సరే, వస్తాను మరి" అని వెండెల్ గుమ్మం వైపు తిరిగాడు.

"ఎక్కడికి?" అంది ఎతెల్వీనా. "మా ఇంట్లో ఓడినవాళ్ళకి ముందు వడ్డిస్తాం. ఇన్నాళ్ళూ మేమే ఓడాం గనక మీకు తెలీలేదు. కూర్చో నాయనా."

"మావాళ్ళు తిడతారండీ."

"తిట్టనీ. వచ్చేడు గెలుద్దురుగాని."

కుర్చీలు చాలలేదు. బెల్మీరో ముసలాయన చేపల పెట్టె బోర్లించుకున్నాడు. పడవాయనకి బొగ్గుల బకెట్ దక్కింది. ఒదీలియా బూట్లు విప్పి వచ్చి నాన్నకీ వెండెల్‌కీ మధ్యన ఇరుక్కుంది. ఆన్సెల్మో కత్తి తీసుకుని కోడి తొడ వేరు చేసి వెండెల్ పళ్ళెంలో వేశాడు. పొట్టలోని సాసేజి ముద్ద జుల్మీరా వడ్డించింది. వెండెల్ ఒక ముద్ద తిని, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, మంచినీళ్ళ కోసం వెతుక్కున్నాడు.

"కారమా?" అంది జుల్మీరా.

"కారమే" అన్నాడతను. "ఇంకాస్త వెయ్యండి."